నాన్నగారి వాచీ వెల ఎంత?

కిందటి శీతాకాలంలో మా ఇంటి ఇన్సూరెన్సు కాయితాలు తిరిగి రాయించుకోవలసి వచ్చింది. నగలూ నట్రా ఉంటే విడిగా జాబితా రాసి, ఒక్కొక్కదానికీ వెల కట్టించిన పత్రం జతచేయమన్నాడు ఏజెంటు. కెనడాలో మామూలు ఇంటి పాలసీల్లో నగలకీ వాచీలకీ ఇచ్చే పరిహారానికి ఒక హద్దు ఉంటుంది. అంతకు మించి కావాలంటే వస్తువువారీగా చెప్పాలి. మా ఆవిడ తన గాజులు, నెక్లెసు రాసింది. బ్రాంప్టన్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయి ఆ జాబితా చివర తనంతట తానే ఇంకో పంక్తి చేర్చింది: "తాతగారి వాచీ." వెల అన్న చోట ప్రశ్నార్థకం పెట్టింది.

ఆ ప్రశ్నకి జవాబు వెతకబోయి నేను తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం. మనలో చాలామంది ఇళ్ళల్లో, ఏ బీరువా సొరుగులోనో, ఇలాంటి వాచీ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి మీతో పంచుకుంటున్నాను.

మా నాన్నగారు తెనాలిలో లెక్కల మాస్టారు. ఆయన వాచీ హెచ్.ఎం.టి. జనతా. కీ ఇచ్చే రకం, 17 జ్యూయెల్స్. 1971లో కొన్నారు. కొన్నారంటే కొట్టుకి వెళ్ళి కొనుక్కోవడం కాదు. తోటి మాస్టారిగారి బావమరిది బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంటే, ఆయనకి చెప్పి పెట్టి, ఆరు నెలలు ఎదురుచూసి తెప్పించుకున్నారు. ఖరీదు ఇంచుమించు ఒక నెల జీతం. మూడు నెలల్లో కట్టారు. "ఆ డబ్బుతో పిల్లకి కమ్మలొచ్చేవి" అని మా అమ్మ చాలా ఏళ్ళు దెప్పేది. పేరు చూస్తే 'జనతా', ఖరీదు చూస్తే బడిపంతులి నెల జీతం. ఇదెలా అని మా అమ్మాయి అడిగింది. అది అర్థం కావాలంటే ఆ రోజుల సంగతి కొంత చెప్పాలి.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో చేతి వాచీ అంటే విదేశీ సరుకే. స్విట్జర్లాండు నుంచి రావాలి. తర్వాత విదేశీ మారకద్రవ్యం కరువై దిగుమతుల మీద ఆంక్షలు బిగిసేసరికి, రేవుల్లో దొంగతనంగా దిగే సరుకులో బంగారంతోపాటు వాచీలూ ముఖ్యమైనవయ్యాయి. ఈ పరిస్థితిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ మెషీన్ టూల్స్, అంటే మన హెచ్.ఎం.టి., ఆ పని తలకెత్తుకుంది. అది 1953లో యంత్రాలు తయారుచేసే యంత్రాల కోసం బెంగుళూరులో పెట్టిన సంస్థ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో అక్కడే వాచీల ఫ్యాక్టరీ తెరిచింది. తొలి వాచీలను నెహ్రూ చేతుల మీదుగా విడుదల చేశారు. జనతా, పైలట్, జవాన్, కోహినూర్, సోనా, కాంచన్ అంటూ పేర్లన్నీ దేశవాళీవే. తర్వాత శ్రీనగర్, తుముకూరు, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా చాలాకాలం గిరాకీకి తగినన్ని వాచీలు దొరికేవి కావు. కాంచన్ వాచీ పెడితేగాని పీటల మీద కూర్చోనని అలిగిన పెళ్ళికొడుకులు మన వైపూ ఉన్నారు.

నాన్నగారి వాచీ ఇప్పుడు టొరంటో పక్కన మా ఇంట్లో నా బల్ల మీద ఉంటుంది. దానిలో టైము నేనెప్పుడూ మార్చలేదు. అది ఇండియా టైమే చూపిస్తుంది. శీతాకాలంలో మనకంటే పదిన్నర గంటలు ముందు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు ముందు. ఇంటికి ఫోను చేసేముందు మనమందరం వేసుకునే లెక్కే ఇది. ఈ 'అర' ఏమిటని మా అమ్మాయి చిన్నప్పుడు విసుక్కునేది. ఆ అరగంట వెనుక కథలో సగం మనది, సగం కెనడాది.

పూర్వం మనకి పగలూ రాత్రీ కలిపి అరవై గడియలు. గడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. గడియారం అన్న మాట అందులోంచి వచ్చిందే. ప్రతి ఊరికీ దాని పొద్దే దాని కాలం. మద్రాసు ఖగోళశాలలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు కాలాన్ని గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుగా లెక్కకట్టాడు. రైళ్ళు వచ్చాక వాటికి ఆ మద్రాసు టైమే ఆధారమైంది.

ఇదే చిక్కు ఇక్కడ కెనడాలోనూ వచ్చింది. శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ 1827లో స్కాట్లండులో పుట్టి, పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ దేశానికి వలస వచ్చిన ఇంజనీరు. కెనడా తొలి తపాలా బిళ్ళ మీద ఉడతలాంటి ఆ బీవర్ బొమ్మ ఆయన వేసిందే. 1876లో ఐర్లండులో రైలు టైములు అచ్చువేసిన పుస్తకంలో ఉదయానికి బదులు సాయంత్రం అని పడటంతో ఆయనకి రైలు తప్పిపోయిందట. లోకమంతటికీ ఒకే పద్ధతిలో కాలం ఉండాలన్న ఆలోచన మీద పట్టు పట్టి, 1879లో టొరంటోలోని కెనడియన్ ఇన్‌స్టిట్యూట్‌లో దాని మీద వ్యాసం చదివాడు. భూమిని 24 పట్టీలుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక్కో గంట తేడా పెట్టాలన్నాడు. 1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలు పట్టీల పద్ధతికి మారాయి. మరుసటి ఏడు వాషింగ్టన్ సమావేశంలో గ్రీనిచ్‌ని మూలరేఖగా ఒప్పుకున్నారు.

ఇండియా వెడల్పు ఒక పట్టీలో ఇమడదు. అందుకని రెంటికీ మధ్యన, కాకినాడ దాపుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని తీసుకుని, 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందుగా భారత కాలం నిర్ణయించారు. ఈ మార్పుతో మన రైలు గడియారాలు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకి జరిగాయన్నమాట. మన గోదావరి జిల్లా పక్కన గీసిన గీత ప్రకారం నడిచే వాచీ, ఫ్లెమింగ్ వ్యాసం చదివిన ఊరి పక్కన నా బల్ల మీద టిక్కుటిక్కుమంటూ ఉంటుంది.

వాచీ కథకి తిరిగి వద్దాం. హెచ్.ఎం.టి. వైభవం ఎల్లకాలం సాగలేదు. 1969 క్రిస్మస్ రోజున జపాను సీకో కంపెనీ మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. కీ ఇవ్వక్కర్లేదు, బ్యాటరీ చాలు. సెకనుకి అయిదుసార్లు కొట్టుకునే జనతా గుండెకీ, సెకనుకి వేలసార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికానికీ పోటీ ఏముంది? 1980లలో మన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. 1987లో టైటాన్ బజారులోకి వచ్చి క్వార్ట్జ్ వాచీల్ని అందంగా చేసి అమ్మింది. హెచ్.ఎం.టి. మాత్రం కీ వాచీల్ని పట్టుకు వేలాడి నష్టాల్లో పడింది. చివరికి 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

పేరు మాత్రం ఇంకో దారిలో బతికింది. మీరు ఇండియన్ కొట్లలో హెచ్.ఎం.టి. బియ్యం బస్తా చూసే ఉంటారు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు, బడి చదువు పెద్దగా లేనివాడు, తన పొలంలో తేడాగా కనబడిన వెన్నుల్ని ఏరి, ఏళ్ళ తరబడి వేసి చూసి తయారుచేసిన సన్నరకం వరి అది. ఆ రోజుల్లో జనం మెచ్చిన వాచీ పేరే దానికి పెట్టారు. దాదాజీ 2018లో పోయాడు. ఒకప్పుడు హెచ్.ఎం.టి. అనే మూడక్షరాలంటే 'నమ్మకమైనది' అని అర్థమన్నమాట. నాన్నగారు నెల జీతం పోసింది ఆ నమ్మకానికే.

ఇక నేను చేసిన పని చెప్పాలి. 2011లో నాన్నగారు పోయారు. ఇల్లు, అమ్మానాన్నల్ని కనిపెట్టుకుని ఉన్న మా తమ్ముడికి. అమ్మ వస్తువులు అక్కకి. నీకేం కావాలిరా అంటే వాచీ ఇమ్మన్నాను. అప్పటికది ఆగిపోయి ఎన్నేళ్ళో అయింది. అద్దం పగిలింది. డయల్ పసుపు పచ్చబడి, నాలుగు అంకె పక్కన చింతగింజంత గోధుమరంగు మరక ఉండేది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ మరక ఉంది. ఆయన పక్కలో పడుకుని ఆ మరకని గోటితో గీకబోయి, అది అద్దం కింద ఉందని తెలుసుకున్న జ్ఞాపకం కూడా ఉంది.

మరుసటి ఏడు ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని పెద్ద ఊళ్ళో ఒక వాచీల కొట్లో ఇచ్చాను. "కొత్తదానిలా చేసిపెట్టండి, డబ్బుకి చూడకండి" అన్నాను. వాళ్ళు నేను చెప్పినట్టే చేశారు. డయల్ తుడిచి మళ్ళీ రంగు వేసి అక్షరాలు అచ్చు వేశారు. ముళ్ళు మార్చారు. కేసుకి మెరుగుపెట్టి గీతలన్నీ పోగొట్టారు. చేతిలోకి తీసుకుని నేను మురిసిపోయాను. అక్కకి చూపిస్తే ఒక్క క్షణం చూసి, "బాగుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ క్షణం ఎందుకాగిందో నేను అడగలేదు.

ఈ వాచీనే నేను టొరంటోలో వెల కట్టే ఒక పెద్దాయన దగ్గరకి తీసుకెళ్ళాను. ఆయన తల్లిదండ్రులు 1956లో హంగేరీలో తిరుగుబాటు అణిచివేశాక పారిపోయి వచ్చిన వేలాది మందిలో వాళ్ళు. తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, తిప్పి తిప్పి చూసి, "మీకు ఏ వెల కావాలి?" అని అడిగాడు.

నాకు అర్థం కాలేదు. వెల ఒక్కటి కాదట. వస్తువు పోతే అలాంటిది మళ్ళీ కొనడానికి అయ్యే ఖర్చు ఒకటి. ఇన్సూరెన్సుకి కావలసింది అది. తొందర లేని అమ్మేవాడూ, తెలిసిన కొనేవాడూ ఒప్పుకునే ధర ఇంకొకటి. ఆస్తి పంపకాలకి అది చూస్తారు. రేపే అమ్మేయాలంటే వచ్చేది మూడోది. ఒకే వస్తువుకి మొదటిది, మూడోదానికి రెట్టింపు కూడా ఉండొచ్చు.

"మీ వాచీ విషయంలో మూడూ ఒకటే," అన్నాడు నవ్వుతూ. "ముప్పై, నలభై డాలర్లు. ఇలా రంగులు వేసినవి ఇండియా నుంచి ఇంటర్నెట్‌లో బోలెడన్ని అమ్ముతున్నారు. పత్రం రాస్తే నా ఫీజు దీనికంటే ఎక్కువవుతుంది. అందుకని రాయను." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "యంత్రం అసలుదే, మంచి యంత్రం. ముఖమే కొత్తది. పాత ముఖంతో ఉంటే, అది ఎంత పాడైనా సరే, సేకరించేవాళ్ళు దీనికంటే ఎక్కువే ఇచ్చేవారు."

పాతదాన్ని బాగుచేయిస్తే వెల పెరగాలి కదా, తగ్గడమేమిటి? ఆయన చెప్పిన సమాధానం నాకు బాగా గుర్తుండిపోయింది. పాత వస్తువు కొనేవాడు కొనేది దాని మీద నడిచిన కాలాన్ని. తుడిచేస్తే అమ్మడానికి ఏం మిగిలింది?

పెద్ద పెద్ద వేలంపాటల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. 2009 మార్చిలో న్యూయార్కులో గాంధీగారి జేబు గడియారం, కళ్ళజోడు, చెప్పులు, గిన్నె, పళ్ళెం కలిపి వేలం వేస్తే విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకి పాడుకున్నాడు. 2017 అక్టోబరులో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వాచీ కోటీ 77 లక్షల డాలర్లు పలికింది. దాని వెనుక, బండి జాగ్రత్తగా నడపమని భార్య చెక్కించిన మూడు ముక్కలున్నాయి. ఆ మాటల్ని ఎవరైనా 'మెరుగుపెట్టి' పోగొట్టి ఉంటే? ఏ కంపెనీ వాచీ అన్నది సగమే. ఎవరిది, ఏ చేతుల్లోంచి వచ్చింది అన్నది మిగతా సగం.

"మరి ఇందులో మా నాన్నగారివి ఏమీ మిగల్లేదా?" అని అడిగాను. అడుగుతుంటే నా గొంతు నాకే వింతగా వినబడింది. ఆయన మాట్లాడకుండా వెనుక మూత తీశాడు. మూత లోపలి వైపు దీపం కిందికి వంచి, భూతద్దం నా చేతికిచ్చాడు.

సూదితో గీసినట్టు సన్నటి గీతలు. వాచీ బాగుచేసే వాళ్ళకి అదొక అలవాటట. ప్రపంచమంతటా ఉందట. మూత లోపల తమ గుర్తు, తేదీ గీస్తారు, మళ్ళీ వస్తే ఎప్పుడు చూశామో తెలియడానికి. పైన మెరుగుపెట్టే వాళ్ళు లోపలివైపు ముట్టుకోరు. అందుకని మిగిలాయి. నాలుగు తేదీలు. 7-74. 1-78. 9-83. 4-90. నాలుగూ ఒకే చేతివ్రాత. మా ఊళ్ళో వాచీలు బాగుచేసే ఆయనదే అయి ఉండాలి. "ఈ రెండోసారి మాత్రం పెద్ద పనే చేశారు," అన్నాడు పెద్దాయన. "ఇక్కడ చూడండి, తుప్పు గీకిన జాడ. దీనిలోకి నీళ్ళు వెళ్ళాయి. మామూలు నీళ్ళయితే ఇంతగా తినవు."

ఆ రాత్రే అక్కకి ఫోను చేశాను. 78 జనవరి అనగానే అక్క కాసేపు మాట్లాడలేదు.

"దివిసీమ ఉప్పెన గుర్తుందా నీకు? నీకు అయిదేళ్ళే కదూ," అంది.

1977 నవంబరు 19. కృష్ణ సముద్రంలో కలిసే చోట రెండు పాయల మధ్య ఉన్న దివిసీమ మీద తుపాను విరుచుకుపడి, సముద్రం ఊళ్ళ మీదికి వచ్చేసింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. అసలు సంఖ్య ఎక్కువని అక్కడివాళ్ళు అంటారు. ఆ తర్వాత రోజుల్లో చుట్టుపక్కల జిల్లాల నుంచి ఎంతోమంది మామూలు మనుషులు సాయానికి వెళ్ళారు.

"నాన్న, ఇంకో నలుగురు మాస్టార్లు, పెద్ద క్లాసు పిల్లలు కొందరు బియ్యం బస్తాలు పట్టుకుని రేపల్లె దాకా రైల్లో పోయి, పెనుమూడి రేవు దాటి వెళ్ళారురా. పన్నెండు రోజులకి తిరిగొచ్చారు. బియ్యం పంచడానికని వెళ్ళినవాళ్ళు శవాలు మోసి వచ్చారు. వచ్చాక చాన్నాళ్ళు సరిగా అన్నం తినలేదు. ఆ వాచీ ఆ ఉప్పునీళ్ళల్లోనే ఆగిపోయింది. పండగ వెళ్ళాక బాగుచేయించడానికి వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్ళారు. డయల్ మరక పడింది, మార్చేయమంటారా మాస్టారూ అని ఆయన అడిగాడు. వద్దు, అది అలాగే ఉండనీ అన్నారు నాన్న. ఎందుకని నేను అడిగితే జవాబు చెప్పలేదు."

నేనేమీ అనలేకపోయాను. "ఆ రోజు నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను చివరికి.

"అప్పటికే తుడిపించేశావు కదరా. చెప్తే బాధపడతావని ఊరుకున్నా."

ఏళ్ళ తరబడి నాన్నగారు ఆ మరకని చేతికి కట్టుకుని తిరిగారు. కొడుకు ప్రేమకొద్దీ డబ్బిచ్చి తుడిపించాడు. ఇందులో కొట్టువాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు నేనడిగిన పనే చేశారు. తెలియకపోవడం కూడా పూర్తిగా తప్పు కాకపోవచ్చు. అడగకపోవడం మాత్రం నాదే. ఆయన ఉన్నప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేసేవాణ్ణి. ఆరోగ్యం, వానలు, ఇక్కడి మంచు గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మరక ఏమిటి నాన్నగారూ అని ఒక్క ఆదివారం అడిగి ఉంటే సరిపోయేది.

నేను పడిన పొరపాటు మీరు పడకూడదని రెండు మూడు మాటలు చెప్తాను. అమ్మానాన్నల వాచీ ఆగిపోయి ఉంటే లోపలి యంత్రాన్ని శుభ్రం చేయించి నూనె వేయించండి. డయల్, ముళ్ళు, కేసు ముట్టుకోవద్దని ముందే చెప్పండి. ఏ భాగం మార్చక తప్పకపోయినా పాతది తిరిగి అడిగి పుచ్చుకుని దాచండి. మూత తీసినప్పుడు లోపలివైపు ఫోటో తీయించుకోండి. ఇన్సూరెన్సుకీ పంపకాలకీ వెల కట్టించవలసి వస్తే, ఏ వెల కావాలో ముందే చెప్పండి. వీటన్నిటికంటే ముందు, ఆ వాచీని చేతికి ఉండగా చూసిన వాళ్ళు ఎవరున్నా వాళ్ళని అడిగి, విన్నది కాయితం మీద పెట్టండి. రాయని కథ ఒక తరం కంటే ఎక్కువ నిలవదు.

మా జాబితాలోంచి నాన్నగారి వాచీ కొట్టేశాం. దాని వెల నలభై డాలర్లు, పోతే ఏ ఇన్సూరెన్సూ తెచ్చివ్వలేదు. దానికి బదులు అక్క చెప్పినదంతా తెలుగులో రాశాను. మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. మారుస్తూ మధ్యలో లేచి వచ్చి 'ఉప్పెన'కి ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. ఇద్దరం కూర్చుని చాలాసేపు వెతికాం. ఆ కాయితాలు రెండూ, మూత లోపలి నాలుగు తేదీల ఫోటోతో సహా వాచీ పెట్టెలో పెట్టాం.

రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చే పని ఇప్పుడు మా అమ్మాయిది. ఇండియా టైము మార్చవద్దని నేను చెప్పనక్కర లేకపోయింది.